పదిహేనో పిల్లి

మోపెడ్ వెనక కట్టిన గోనెసంచి కదిలింది.

అరుణకుమారి చేతిలో కూరగాయల సంచితో అలాగే ఆగిపోయింది. మార్కాపురం చట్రాల సందు మొదట్లో, కరుణాకరం పలకల కార్ఖానా గేటు ముందు ఆ మోపెడ్ నిలబడి ఉంది. పలకలకు చెక్క చట్రాలు బిగించే చెన్నకేశవులు దాని మీద కూర్చుని కిక్కర్ మీద కాలు పెట్టాడు కానీ తొక్కడం లేదు. తొక్కినా బండి కదిలేలా లేదు. వెనక ఖాతూన్బీ రెండు చేతులతో క్యారియర్ పట్టుకుని, మడమలు మట్టిలో తన్నిపెట్టి నిలబడింది. ఆమె కొంగు జారి నేల మీద పడింది. ఎత్తుకోవడానికి కూడా చెయ్యి వదల్లేదు.

"వదులక్కా. సారు చెప్పిన పని," అన్నాడు చెన్నకేశవులు వెనక్కి తిరగకుండా.

"సారు చెప్తే నీకు కండ్లు లేవా? విప్పు ముందు. ఊపిరాడక చస్తాయి."

"చంపేదానికి కాదక్కా. కొనకనమిట్ల దోవలో పొలాల కాడ ఇడిచి వచ్చేదే."

"మే నెల ఎండలో పొలాల కాడ వాటికి ఏముండాది? నిన్ను సంచిలో కట్టి ఆడ ఇడిస్తే తెలుస్తాది."

సంచిలోంచి సన్నగా ఒక అరుపు వచ్చింది. దాని వెంట ఇంకో రెండు. అరుణకుమారి కూరగాయలు అరుగు మీద పెట్టి, వెళ్లి ముడి విప్పడం మొదలుపెట్టింది. రెండు పేటలు వేసి కట్టిన నారతాడు. గోళ్లతో రాకపోతే పంటితో లాగింది. వాకిట్లో ముగ్గు ఒక చుక్క తేడా వచ్చినా చెరిపి మళ్లీ వేసే మనిషి అలా పంటితో తాడు లాగడం ఆ సందులో ఎవరూ చూడలేదు. చెన్నకేశవులు బండి దిగి, ఆమెకు అడ్డం రాకుండా పక్కకు జరిగాడు. నాలుగు కూనలు బయటపడి, ఖాతూన్బీ కాళ్ల మధ్య నుంచి దూరి, ఆమె గది గడప దాటి మాయమయ్యాయి.

అప్పుడు వచ్చాడు కరుణాకరం. చేతిలో ఒక కొత్త పలక. దాన్ని ముక్కుకు దూరంగా పట్టుకున్నాడు.

"వాసన చూడమ్మా అరుణమ్మా. చదువుకున్నదానివి, నువ్వే చెప్పు. బళ్లు తెరిచే టైము. పెట్టెల్లో గడ్డి పరిచి పలకలు సర్దితే, ఆ గడ్డిలో పిల్లి ఈనింది. రెండు పెట్టెలు వాపసొచ్చినాయి. ఈ పలక మీద ఏ పిల్లోడు అ ఆలు దిద్దుతాడు?"

అరుణకుమారి వాసన చూసింది. అతను చెప్పింది నిజమే.

"ఈమె చట్టి పెట్టి మేపుతాది. కంపు నేను మోస్తా. ఇంక నాకు ఓపిక లేదు," అని ఖాతూన్బీ వైపు తిరిగాడు. "ఆదివారం దాకా చూస్తా. పిల్లులన్నా ఈడ పుట్టేది ఆగాల, నువ్వన్నా గది ఖాళీ చెయ్యాల."

కార్ఖానా గేటు పక్క వరసలో అయిదు గదులు కరుణాకరానివే. వాటిలో మొదటిది ఖాతూన్బీది. కిటికీలోంచి ఆమె కుట్టుమిషను, దానిమీద సగం కుట్టిన జాకెట్టు కనిపిస్తున్నాయి. ఖాతూన్బీ కొంగు ఎత్తి దులుపుకుంది. 

"ఆదివారం అన్నారు గదా సారూ. ఆ మాట మీద ఉంటారా?" అంది అరుణకుమారి.

"ఉంటా."

"అయితే సంచులు పక్కన పెట్టండి. కంభంలో జంతువుల షెల్టర్ వాళ్ల బండి ఉంది. వీధి పిల్లుల్ని పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, తగ్గినాక మళ్లీ పట్టినచోటే వదులుతారు."

"మళ్లా ఈడనేనా? ఏం లాభం?"

"ఇవి ఉంటే కొత్తవి రావు. ఇవేమో ఈనవు. మీ గడ్డిలో ఎలుకలూ ఉండవు."

కరుణాకరం పలకను చేతిలో ఒకసారి తిప్పాడు. "ఆదివారం," అని లోపలికి వెళ్లిపోయాడు.

అరుణకుమారి తన ఇంటి మెట్ల మీదే కూర్చుని షెల్టర్ వాళ్లకు ఫోన్ చేసింది. అవతల డాక్టర్ జాన్సన్ గొంతు తొందరలో ఉంది. కనీసం పదిహేను పిల్లులు ఉంటేనే బండి తిప్పుతామనీ, లేకపోతే శనివారం గిద్దలూరు వెళ్లిపోతామనీ, మళ్లీ ఈ వైపు రావడం ఎప్పుడో చెప్పలేమనీ అన్నాడు.

"పదిహేను ఉన్నాయి సార్."

"ఉండటం కాదమ్మా. దొరకాలి."

"దొరుకుతాయి," అంది. ఫోన్ పెట్టేసింది. ఎదురు గడపలో నిలబడి ఉన్న ఖాతూన్బీకి చేత్తో సైగ చేసింది, వస్తున్నారని.

*

శుక్రవారం పొద్దున్నే కంభం బస్సు దిగి, ఆటోలో నాలుగు ఇనప బోన్లతో యేసుమణి వచ్చింది. పిల్లుల్ని పట్టే పని ఆమెది. పొట్టిగా, గట్టిగా ఉంది. మోచేతుల దాకా పాత గీతలు. టీ కూడా తాగకుండా సందు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, గోడల మీద, పలకల దొంతుల మధ్య, నీళ్ల డ్రమ్ముల వెనక చూసుకుంటూ వేళ్లు మడిచింది.

"పందొమ్మిది. అందులో ఆ నల్లమచ్చల తల్లి ఉందే, అది దొరికితే మీకు సగం పని అయినట్టే. ఏటా ఎన్నిసార్లు ఈనుతోంది?"

"మున్నీనా? మూడుసార్లు," అంది ఖాతూన్బీ.

"బోన్లు నాలుగే ఉన్నాయక్కా. రెండో జత కంభంలో వాడుతున్నారు. ఒక బోను పడిన చప్పుడు విన్న పిల్లి మళ్లీ అంత తొందరగా రాదు. ఒకేసారి పది పెట్టాల."

పది ఎక్కడ దొరుకుతాయి? అరుణకుమారి ఇద్దరు కమ్మరుల పేర్లు అనుకుంది, ఇద్దరూ ఒక్క రోజులో చేయరని తనే కొట్టేసింది. అంతవరకూ కార్ఖానా పంచలో చెక్కలు చిత్రిక పడుతూ వింటున్న చెన్నకేశవులు, తల ఎత్తకుండానే, "తలుపు పైనుంచి జారితే చాలునా?" అన్నాడు.

"చాలు."

అతను గాడి తీసిన చట్రం చెక్కలు నాలుగు తీసుకొచ్చాడు. ఒక పలకను ఆ గాడిలో పెట్టి వదిలాడు. నూనె రాసినట్టు జారి కిందికి దిగింది.

"రోజూ చేసేదే గదమ్మా. పలక చట్రంలోకి దూరాల. ఈడ నాలుగో చెక్క బిగించకుండా ఇడిస్తే తలుపయితాది."

మూలలు చితికిన పలకలు, వంకర పోయిన చెక్కలు ఏరి గంటలో మొదటి పెట్టె చేశాడు. పైనుంచి తాడు, వెనక ఎర కట్టే పుల్ల. పుల్ల లాగితే తాడు జారి పలక పడుతుంది. అరుణకుమారి చీపురు పుల్లతో ఎరను లాగింది. ఠప్పుమన్న చప్పుడుకు గోడల మీది పిల్లులన్నీ ఒక్క దూకులో కనపడకుండా పోయాయి.

"తోక తెగుతాది," అంది యేసుమణి. తన ముంజేతిని తలుపు కింద పెట్టి, "వెయ్యి," అంది. చెన్నకేశవులు వెయ్యలేదు. ఆమే రెండో చేత్తో తాడు వదిలింది. పలక పడినచోట ఎర్రగా గీత లేచింది. "చూసినావా?"

చెన్నకేశవులు ఆ గీత వైపు చూసి, మోపెడ్ దగ్గరకు వెళ్లి, డిక్కీలోంచి పాత ట్యూబు తీసి వేలెడు వెడల్పున కోశాడు. పలక కింది అంచు పొడవునా ఆ రబ్బరు అంటించాడు. ఈసారి పలక మెత్తగా, దుప్పటి మీద పుస్తకం పడ్డట్టు పడింది. యేసుమణి చెయ్యి పెట్టి చూసుకుని నవ్వింది. "మా ఇనప బోనుకన్నా ఇదే మేలు. లోపల చీకటిగా ఉంటే పిల్లి కొట్టుకోదు."

సాయంత్రానికి అలాంటివి ఆరు తయారయ్యాయి. అతను సంచి తాడు కట్టిన వేళ్లతోనే ఇవీ కట్టాడని అరుణకుమారికి అనిపించింది.

ఖాతూన్బీకి నచ్చనిది ఒక్కటే. "ఎడమ చెవి కొస కోస్తారంట గదా మణీ?"

"మత్తులో ఉన్నప్పుడే అక్కా, కొంచెమే. అది మా గుర్తు. మళ్లా ఎవరూ దాన్ని రెండోసారి కోయకుండా."

"నాకూ ఒక గుర్తు పెట్టిపో. కరుణాకరం సారు రెండోసారి నా జోలికి రాకుండా."

యేసుమణి పగలబడి నవ్వింది. అరుణకుమారి కూడా నవ్వింది. ఖాతూన్బీ నవ్వలేదు.

ముఖ్యమైన సంగతి యేసుమణి చివర్లో చెప్పింది. ఈ సాయంత్రం నుంచి రేపు పదింటి దాకా పిల్లులకు ఎవరూ ఏమీ పెట్టకూడదు. ఆకలి లేని పిల్లి బోనులోకి రాదు. వచ్చినా, కడుపు నిండా ఉంటే మత్తు సూదికి కక్కుతుంది. మత్తులో ఆ కక్కు ఊపిరిలోకి పోతే ప్రాణానికే ముప్పు. డాక్టరు ఒప్పుకోడు.

అరుణకుమారి కార్ఖానాలో పదకొండు పలకలు అడిగి తెచ్చి, బలపంతో గుండ్రటి అక్షరాల్లో రాసింది. "ఈ సాయంత్రం నుంచి రేపు పది గంటల దాకా పిల్లులకు తిండి పెట్టకండి." ఇంటికొకటి చొప్పున తనే తిరిగి ఇచ్చింది.

ఖాతూన్బీ పక్కగదిలో ఉండే రోశమ్మ పలక పైకి కిందికి చదివింది. "ఏం వదినా, పిల్లులకు కూడా ఒక్కపొద్దా? మాకెందుకు ఇచ్చినావు? మేమేమన్నా పెడతామా! పెట్టేది ఆమె గదా, ఆమెకు నాలుగియ్యి."

సందులో అందరూ ఇంచుమించు అదే మాట అన్నారు. ఖాతూన్బీ మాత్రం పలక తీసుకుని, గేటు పక్కనున్న మట్టి చట్టి కడిగి, గోడ మీద బోర్లించింది.

*

శనివారం అరుణకుమారి భర్త కిరణ్ పుట్టినరోజు. అతను లేచేసరికి పాయసం చేసి ఉంచాలని అరుణకుమారి ఆరుగంటలకే పాలు పొంగించి, నేతిలో వేయించిన సేమ్యా అందులో వేసింది. చక్కెర డబ్బా మూత తీస్తుండగా వినిపించింది. మేడమెట్ల కింద మున్నీ.

మామూలు అరుపు కాదది. రాత్రంతా తిండి లేని తల్లి అరుపు. మెట్ల సందులోంచి చూస్తే, కడుపు కింద లాగిన పొదుగుతో, తలెత్తి వంటింటి కిటికీ వంకే చూస్తోంది. కూనలకు నెలన్నర దాటింది, అన్నం తింటున్నాయి, అయినా దీన్ని వదలడం లేదు.

పలక మీద తను రాసింది తిండి గురించి. పాలు తిండి ఎట్లా అవుతాయి? అయినా మున్నీలాంటి అనుమానపు పిల్లి ఎటూ బోనులోకి రాదు. ఇవన్నీ అనుకోవడానికి ఆమెకు పెద్ద సమయం పట్టలేదు. చక్కెర వెయ్యకముందే ఒక గరిటె తీసి, ఊది చల్లార్చి, మెట్ల కింద కొబ్బరిచిప్పలో వంచింది. మున్నీ ఆమె చెయ్యి పూర్తిగా వెనక్కి తీయకముందే తల పెట్టేసింది.

ఆరున్నరకు డాక్టర్ జాన్సన్ బండి సందు మొదట్లో ఆగింది. బండిలోపలే తెల్లటి ఆపరేషన్ బల్ల, దీపం, ఫ్యాను. డాక్టరు చిన్నవాడే, ముప్పై అయిదు ఉంటాయేమో. "ఎండ ముదిరితే మత్తు ఇవ్వనమ్మా. పది గంటలకు ఆపేస్తా," అన్నాడు.

పది బోన్లలో ఎరగా ఎండు నెత్తళ్ల చేపలు కట్టి, పైన తడిగుడ్డలు కప్పారు. సందు మొత్తం అరుగుల మీదికి, కిటికీల్లోకి చేరింది. ఎవరూ మాట్లాడకూడదని యేసుమణి నోటి మీద వేలు పెట్టింది. ఏడు అయింది. ఏడున్నర అయింది. ఒక బూడిదరంగు పిల్లి వచ్చి, నెత్తళ్లు వాసన చూసి, పెట్టె మీదే ఎక్కి పడుకుంది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకోటి వచ్చి ముందుకాలు నాక్కుంటూ కూర్చుంది.

యేసుమణి అరుణకుమారి చెవిలో గొణిగింది. "ఆకలితో ఉన్నట్టు లేవక్కా ఇవి."

తొమ్మిదింటికి పడినవి మూడు. ఒక తెల్లపిల్లి, కార్ఖానాలో తిరిగే పసుపుపచ్చ గండుపిల్లి, మున్నీ. మున్నీ పడిందని తెలియగానే ఖాతూన్బీ చేతులు రెండూ గుండెల మీద పెట్టుకుంది. అరుణకుమారి మాత్రం మెట్ల కింది కొబ్బరిచిప్ప వైపు చూసింది.

డాక్టరు పెట్టె చీలికలోంచి మున్నీకి సూది వేశాడు. అయిదు నిమిషాలు కాకముందే లోపల గరగర చప్పుడు. యేసుమణి చటుక్కున పెట్టె వంచి, దాని తల కిందికి పట్టింది. తట్టలోకి పడింది, పలచటి పాలలో తెల్లటి పోగులు.

"ఎవరు పెట్టారు?" డాక్టరు గొంతు పెంచలేదు. "ప్రాణం పోయేది. చెప్పాం కదమ్మా."

అరుగుల మీది జనం దగ్గరకు వచ్చారు. రోశమ్మ వంగి చూసింది. "సేమ్యా! చూడండి, సేమ్యానే. ఈ సందులో సేమ్యా ఎవరింట్లో కాస్తారు? ప్రతి పండక్కీ మనింటికొచ్చే సేమ్యా ఎవరిది?"

ఆమె పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. తలలన్నీ ఒకే వైపు తిరిగాయి.

"నేను పెట్టలేదు," అంది ఖాతూన్బీ.

"పెట్టకపోతే దానికి యాడ నుంచి వచ్చె? మేమందరం వాటిని పస్తుంచాల, నువ్వు మాత్రం..."

"నేను చెప్పలే?" కరుణాకరం గేటు దాటి వచ్చాడు. "ఈమెకు ఎంత చెప్పినా ఇంతే. రేపటిదాకా ఎందుకు, ఈ రోజే..."

ఖాతూన్బీ చేతులు కట్టుకుని నిలబడింది. తట్ట వైపూ చూడలేదు. అరుణకుమారి గాజుకు ఒక సేమ్యా పోగు అంటుకుని ఎండి ఉంది. దాన్ని గోటితో గీకుతోంది. ఊడి రావడం లేదు. డాక్టరు, యేసుమణి, రోశమ్మ, చెన్నకేశవులు అందరూ ఉన్నారు. పలకల మీది గుండ్రటి అక్షరాలు ఇంకా ప్రతి గడప పక్కనా ఉన్నాయి.

"సారూ, ఆగండి," అంది. గాజున్న చెయ్యి ముందుకు చాపింది. "ఆ సేమ్యా మా ఇంటిది."

"ఏందీ?"

"పొద్దున పాయసం చేస్తూ, ఒక గరిటె నేనే పోసినా. మెట్ల కింద. ఆమె చట్టి రాత్రి నుంచీ బోర్లించే ఉంది, చూడండి."

రోశమ్మ నోరు తెరుచుకుంది. "నువ్వా? పలకలు రాసి పంచింది నువ్వే గదా వదినా!"

"నేనే. పాలే గదా అనుకున్నా."

అంతలో రెండో పెట్టెలోంచి అదే గరగర చప్పుడు వచ్చింది. గండుపిల్లి. యేసుమణి వంచిన తట్టలో ఇడ్లీ ముక్కలు, వాటి మధ్య పచ్చగా, ముద్దలు ముద్దలుగా.

"గుడ్డు పచ్చసొన," అన్నాడు డాక్టరు, విసుగ్గా. "ఇదెవరిది?"

చెన్నకేశవులు నిలబడినచోటే కార్ఖానా రేకుల వంక చూశాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

"ఏందిరా నవ్వుతావు?" అన్నాడు కరుణాకరం.

"ఏం లేదు సార్. కొలెస్ట్రాలని తెల్లసొన మాత్రం తినమన్న మనిషి ఈ సందులో ఒకరే గదా అని."

కరుణాకరం మెడ దాకా ఎర్రబడ్డాడు. "రోజూ పెట్టేదే. అలవాటుగా... మర్చిపోయి..."

ముందు నవ్వింది ఎవరో తెలియదు. తర్వాత ఎవరూ ఆపుకోలేకపోయారు. రోశమ్మ నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, "నేను రాత్రి చేపముండ్లు పారేసినా. పెట్టలేదు, పారేసినా అంతే," అంది. "ఏడ పారేసినావు?" అంటే, "దాని ముందరే," అంది. మూడో గదివాళ్లు పెరుగన్నం. చివరింటి వాళ్లు రొట్టె ముక్కలు. పదకొండు ఇళ్లలో ఎనిమిది ఇళ్లు పెట్టాయి. ఆ ఎనిమిదీ తామొక్కరే అనుకున్నాయి.

ఆ నవ్వుల మధ్య నుంచి ఖాతూన్బీ తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకోవడం అరుణకుమారి ఒక్కతే చూసింది.

"సారూ, ఖాళీ చేయించేదైతే అందరినీ చేయించాల. మీరు కూడా కార్ఖానా ఖాళీ చెయ్యాల," అంది కరుణాకరంతో.

అతను జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "సరేమ్మా. నా పలకలు నాకు ముఖ్యం. రేపు పదిలోపు పదిహేను పడితే ఆ మాట ఇంక ఎత్తను. పడకపోతే మాత్రం..."

డాక్టరు గడియారం చూసుకున్నాడు. తెల్లపిల్లికి ఆపరేషన్ చేసేశాడు. తక్కిన రెంటినీ పస్తుతో రేపటికి ఉంచుతానన్నాడు. "మూడు మా దగ్గరున్నాయి. ఇంకా పన్నెండు. రేపు పది గంటలు. అప్పటికి పదిహేను పడితే ఎండ తగ్గాక సాయంత్రం ఆపరేషన్లు చేస్తా, లేకపోతే గిద్దలూరే."

*

ఆదివారం పొద్దున సందులో ఒక్క గిన్నె చప్పుడు లేదు. రోశమ్మ తన ఇంట్లో మిగిలిన కూరంతా ముందురోజు సాయంత్రమే ఫ్రిజ్‌లో పెట్టి, ఫ్రిజ్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నానని అందరికీ చెప్పుకుంది. కరుణాకరం టిఫిను డబ్బా తేనే లేదు. పిల్లులు గోడల మీద అటూ ఇటూ తిరుగుతూ ఒకటే అరుపు. అయినా బోన్ల దగ్గరకు రావడం లేదు. నిన్నటి చప్పుళ్లు గుర్తున్నట్టున్నాయి.

"నువ్వు పిలువక్కా. నీ గొంతుకు వస్తాయి," అంది యేసుమణి ఖాతూన్బీతో.

"పిలవను."

"ఎందుకక్కా?"

"నన్ను నమ్మి వచ్చేదాన్ని బోనులోకి పిలిచేదా? నా ఇల్లు కోసం?"

అరుణకుమారి బతిమాలడానికి నోరు తెరిచి మూసుకుంది. ఆ మాట అడిగే ముఖం తనకు లేదు. టైము ఏడూ పది.

డాక్టరు వచ్చి ఖాతూన్బీ పక్కన అరుగు మీద కూర్చున్నాడు. "ఇల్లు సంగతి వదిలెయ్యమ్మా. మున్నీకి పోయిన ఏడాది మూడు కాన్పులన్నావు. ఎన్ని కూనలు పుట్టినాయి?"

ఆమె వేళ్లు మడిచింది. "పది."

"ఎన్ని ఉన్నాయి?"

మడిచిన వేళ్లు ఒక్కొక్కటిగా తెరిచింది. లారీ కింద పోయినవి, కుక్కలు లాక్కుపోయినవి, చెప్పకుండానే చచ్చిపోయినవి. చివరికి రెండు వేళ్లు మాత్రం మడిచి ఉన్నాయి. వాటి వైపే కాసేపు చూసి లేచింది.

"తాళ్లన్నీ నా చేతికియ్యండి. పుల్ల మీద కాదు, నా చేత్తోనే దించుతా. చేసేదేదో నేనే చేసినానని వాటికి తెలియాల."

చెన్నకేశవులు పరుగున వెళ్లి ఆరు పెట్టెల తాళ్లూ విప్పి, పొడుగు తాళ్లు కట్టి, ఆమె గడప దగ్గరకు లాక్కొచ్చాడు. ఇనప బోన్లు ఆమె గడపకు రెండు పక్కలా సర్దారు. ఖాతూన్బీ గడప మీద కూర్చుని, నాలుక పై అంగిటికి కొట్టి, "ఆవ్, ఆవ్... ఆవ్ మేరా బాబూ..." అని రమ్మని పిలిచింది.

గోడ మీది అరుపులు ఒక్కసారి ఆగాయి.

మొదట వచ్చింది నిన్న పెట్టె మీద పడుకున్న బూడిదరంగుది. నేరుగా లోపలికి వెళ్లింది. ఖాతూన్బీ తాడు వదిలింది. మెత్తగా దబ్బుమని పలక దిగింది. "మాఫ్ కర్‌రా," అని దాన్ని క్షమించమంది. ఇంకోటి. "మాఫ్ కర్." ఇంకోటి. యేసుమణి నిండిన పెట్టెను తడిగుడ్డతో కప్పి ఎత్తుకుపోతుంటే, చెన్నకేశవులు రాత్రి కొత్తగా చేసిపెట్టిన పెట్టెల్లో ఒకటి తెచ్చి అరుణకుమారి అదే చోట పెడుతోంది. చెన్నకేశవులు తాడు కట్టడం, ఆమె నెత్తళ్లు గుచ్చడం. చేతులు ఎండుచేపల కంపు కొడుతున్నాయి, చీర కుచ్చిళ్లు మట్టి కొట్టుకుపోయాయి, అదేదీ పట్టలేదు. ఏడు. ఎనిమిది. అరుగుల మీద జనం నోళ్లు మూసుకుని వేళ్లతో లెక్క చూపించుకుంటున్నారు. రోశమ్మ రెండు చేతులూ ఎత్తి పదివేళ్లు చాపింది. తర్వాత ఇంకో వేలు.

తొమ్మిదిన్నరకు పద్నాలుగు.

ఇంకొక్కటి. అక్కడ ఆగిపోయింది. మిగిలిన పిల్లులు కార్ఖానా రేకుల మీదికి ఎక్కి కూర్చున్నాయి. ఎండ గోడ మీదుగా దిగి గేటు దాకా వచ్చింది. డాక్టరు బండి మెట్టు మీద నిలబడి ఆకాశం వైపు చూస్తున్నాడు. కరుణాకరం గేటులో గడియారం పట్టుకుని ఉన్నాడు.

అరుణకుమారి వచ్చి ఖాతూన్బీ వెనక, తలుపు చాటున నేల మీద కూర్చుంది. ఇద్దరి చూపూ పెట్టె మీదే ఉంది.

"అరుణమ్మా," అంది ఖాతూన్బీ, పెదవులు కదిలీ కదలకుండా. "నిన్న పొద్దున నువ్వు మెట్ల కింద గరిటె వంచేది నేను చూసినా. మిషను కాడ కూచోని ఉన్నా."

అరుణకుమారి పెట్టె మీంచి చూపు తిప్పి ఆమె వైపు తిరిగింది.

"చూసి కూడా ఊరకుండినావా అక్కా? రోశమ్మ అంత మాట అంటాంటే?"

"చెప్తే ఎవరు నమ్ముతారు? పలకలు రాసిన అరుణమ్మ పెట్టిందంటే, తప్పు నామీద నుంచి తోసుకునేదానికి అంటాందంటారు. నువ్వు చెప్తే అది మాట. నేను చెప్తే సాకు."

ఖాతూన్బీ తాడును సర్దుకుని మళ్లీ పట్టుకుంది.

"నువ్వు నోరు తెరిచేదాకా లోపల లెక్కబెట్టుకుంటా నిలబడినా. ఎంత దాకా పోయినానో తెలుసా?"

"ఎంత దాకా?"

"ముప్పై ఒకటి."

అరుణకుమారికి క్షమించమని అడిగితే అది ఎంత చిన్నమాటో తెలుస్తూనే ఉంది. అడుగుదామనే అనుకుంది. కానీ అప్పుడే ఖాతూన్బీ మోచెయ్యి ఆమె మోకాలికి గట్టిగా తగిలింది.

రేకుల మీంచి ఒంటికన్ను పిల్లి గోడ మీదికి దూకింది. గోడ మీంచి డ్రమ్ము మీదికి. ఖాతూన్బీ నాలుక మెల్లగా అంగిటికి కొట్టింది. పిల్లి పెట్టె దాకా వచ్చి, ఆగి, వెనక్కి తిరిగింది. సందులో ఎవరూ రెప్ప వేయలేదు. మళ్లీ తిరిగింది. తల లోపలికి. ముందుకాళ్లు. నడుము. తోక బయటే ఉంది. ఖాతూన్బీ వదల్లేదు. తోక కూడా లోపలికి పోయింది.

దబ్.

"ఇంకా ఆరు నిమిషాలుండాయి!" సందు అదిరేలా కేక పెట్టాడు కరుణాకరం. గడియారం ఉన్న చెయ్యి పైకెత్తి, అందరికీ చూపిస్తూ. "డాక్టరూ! పదికి ఇంకా ఆరు నిమిషాలు! పదిహేను!"

రోశమ్మ అరుగు మీంచి దూకింది. ఎవరో పళ్లెం వాయించారు. చెన్నకేశవులు యేసుమణి చేతిలోని గుడ్డ లాక్కుని తనే పరుగెత్తి పెట్టె మీద కప్పాడు. అరుణకుమారి లేవబోయి, తిమ్మిరెక్కిన కాలు మడతపడి, ఖాతూన్బీ భుజం పట్టుకుంది. ఆ భుజం కదలకుండా ఆమె బరువు ఆపింది.

ఎండ అప్పటికే గోడవార వరస పెట్టిన పెట్టెల్లో మొదటిదాని మీదికి పాకింది. ఖాతూన్బీ అది చూసింది. తాళ్లన్నీ గడప మీద వదిలి, జనాన్ని తోసుకుంటూ నేరుగా గేటు దగ్గరకు వెళ్లి చెయ్యి చాపింది.

"సారూ, అరవడం తర్వాత. పిల్లులకు ఎండ తగులుతాంది. మీ ప్యాకింగ్ షెడ్డు తాళంచెవి ఇయ్యండి. సాయంత్రం దాకా నాకాడే ఉంటాది."

కరుణాకరం ఎత్తిన చెయ్యి దింపాడు. నడుముకు కట్టుకున్న గుత్తిని అటూ ఇటూ తడిమి, పెద్ద ఇత్తడి తాళంచెవి విడదీసి, ఆమె అరచేతిలో పెట్టాడు.

"గడ్డి కొత్తదే పరిచినాం. దాని మీదే పెట్టు," అన్నాడు. ఖాతూన్బీ అప్పటికే షెడ్డు వైపు పరుగెత్తుతోంది.